ఈ చెల్లో చెల్లుతుందా?

అమెరికాలో ఆగస్టు వచ్చి బడులు తెరిస్తే మనవాళ్ల ఇళ్లకు ఒక కాగితం వస్తుంది. ఆరో తరగతి పిల్లలు, కొన్నిచోట్ల నాలుగో తరగతి వాళ్లే, బడి ఆర్కెస్ట్రాలో చేరవచ్చు. వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బేస్‌లలో ఒకటి ఎంచుకుని సంతకం చేసి పంపండి అని. వయొలిన్ అంటే ఇంట్లో ఎవరికీ పేచీ ఉండదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది ఎప్పుడో మన వాద్యమైపోయింది. పైగా చంకన పెట్టుకుని పోవచ్చు. పిల్ల మాత్రం చెల్లో ఎదురుగా టిక్కు పెట్టుకొస్తుంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలిపి, ఛాతీకి ఆనించి వాయించాల్సిన, తనంత ఎత్తు వాద్యం. బడి బస్సులో ఎక్కించనివ్వరు కాబట్టి చాలా బడులు క్లాసులో వాయించడానికి తమ చెల్లోనే ఇస్తాయి. ఇంట్లో సాధనకు మాత్రం ఇంకొకటి మనమే చూసుకోవాలి.

అప్పుడు తండ్రి ఫోను తీస్తాడు. ఒకటి 300 డాలర్లు. సంచీ, కమాను, గుగ్గిలం బిళ్ల ఉచితం. ఇంకొకటి 2,500. ఫొటోలో రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. హైదరాబాదులో కూర్చుని వెతికినా ఇదే తంతు: ముప్పై నలభై వేల దగ్గర మొదలై లక్షలు దాటిపోతుంది. 'ముందు చవకది కొందాం, పట్టు చిక్కితే మంచిది చూద్దాం' అనుకోవడం మన ఇళ్లలో మామూలే. బ్యాడ్మింటన్ బ్యాటు దగ్గర ఈ లెక్క నడుస్తుంది. చెల్లో దగ్గర తిరగబడుతుంది. చవక చెల్లో మీద పిల్లకు పట్టు చిక్కడమే కష్టం. తీగ లేవదు, శ్రుతి నిలవదు, వేలు కోసుకుపోతుంది. ఆరు నెలలకు పిల్ల మానేస్తుంది. 'దానికి ఆసక్తి లేదులే' అని ఇంట్లో తీర్మానం అయిపోతుంది.

ఆ తేడా ఎక్కడుందో తెలిస్తే 2,500 పెట్టక్కర్లేదు. అలాగని 300కూ దొరకదు.

చెక్క సంగతి కాస్త, చేతిపని సంగతి ఎక్కువ

చెల్లో ముందు పలక స్ప్రూస్ చెక్క, వెనకా పక్కలా మేపుల్. సంప్రదాయ పద్ధతిలో మందపాటి చెక్కను చెక్కుకుంటూ పోయి ఆ ఉబ్బెత్తు ఆకారం తెస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లను చూసినవారికి ఆ శ్రమ ఎంతో విడమరచి చెప్పక్కర్లేదు. చవక రకంలో ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కి అదే ఆకారం తెస్తారు. చూడ్డానికి ఒకటే. 'ఎఫ్' ఆకారపు రంధ్రం అంచు దగ్గర టార్చి వేసి చూస్తే పొరలు బయటపడతాయి. ముందు పలక మీది చార అంచు దాకా వచ్చి మందంలోకి కూడా దిగితే అది ఒకే చెక్క.

ప్లైవుడ్ అనగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు. దాని గొంతు కాస్త మూసుకున్నట్టు ఉంటుంది, నిజమే. కానీ దెబ్బలకూ వాతావరణానికీ తట్టుకుంటుంది. బడులు ప్లైవుడ్ చెల్లోలు కొనేది అందుకే. ఆరేళ్ల పిల్లాడికి ఏడాదిన్నర వాడి తిరిగిచ్చే పావు సైజు చెల్లోకు చెక్కిన స్ప్రూస్ కోసం డబ్బు పోయడం నాకు దుబారాగానే కనిపిస్తుంది. ఫుల్ సైజుకు వచ్చినప్పుడు మాత్రం చెక్కిన పలకే చూడాలి. ఆ వాద్యం పదేళ్లు పిల్ల దగ్గరే ఉండొచ్చు.

ఈ పెట్టెలు ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. జియాంగ్సు రాష్ట్రంలోని హువాంగ్‌చియావో పట్టణం వయొలిన్ కుటుంబపు వాద్యాలకే పేరుపడింది. బ్రిటన్ పేరుతో అమ్ముడయ్యే స్టెంటర్ వాద్యాలూ చైనాలో తయారైనవే. సంగీతం చదవడానికి బోస్టన్ వెళ్లిన చైనా విద్యార్థి చియెన్ ని 1992లో మొదలుపెట్టిన ఈస్ట్‌మన్ సంస్థ వర్క్‌షాపు బీజింగ్‌లో ఉంది. చెక్కిన పలకతో విద్యార్థుల చెల్లోలు అందుబాటు ధరకు వచ్చాయంటే ఇలాంటి వర్క్‌షాపుల వల్లే. రొమేనియాలో రెఘిన్ అనే ఊరు ఉంది, గ్లీగా వాద్యాలు అక్కడివే. కాబట్టి 'చైనా సరుకా?' అని అడగడం వల్ల ఏమీ తేలదు. పెట్టె ఓడ దిగాక దాని మీద ఎవరి చేయి పడింది అని అడగాలి.

ఆ చేతిపనినే సెటప్ అంటారు. చవక చెల్లో కొరియర్‌లో వచ్చినప్పుడు బ్రిడ్జి విడిగా కాగితంలో చుట్టి ఉంటుంది. వీణకు గుర్రం ఎలాగో దీనికి ఈ బ్రిడ్జి అలాగ. దీన్ని అతికించరు, తీగల బిగువుతోనే నిలబడుతుంది. దాని రెండు పాదాలూ పలక వంపుకు అచ్చంగా సరిపోయేలా కత్తితో గీకాలి. పాదం కింద కాగితం అంచు దూరిందంటే గీకలేదని అర్థం. లోపల, పలకకూ వెనక చెక్కకూ నడుమ ఒక స్ప్రూస్ కర్ర నిలబడి ఉంటుంది. దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. దానికీ జిగురు ఉండదు. సన్న తీగ వైపు బ్రిడ్జి పాదానికి కొద్ది మిల్లీమీటర్ల వెనకగా ఉండాలి. అటూ ఇటూ కాస్త కదిలిస్తే గొంతే మారిపోతుంది. ఎఫ్ రంధ్రంలోంచి చూసి అది నిటారుగా ఉందో లేదో ఎవరైనా చెప్పొచ్చు. అసలు ఉందో లేదో కూడా చూడండి. దారిలో పడిపోయి పెట్టెలో దొర్లుతూ వచ్చేవి తక్కువేమీ కాదు.

తర్వాత తీగల ఎత్తు. పిల్ల వేలికి నేరుగా తగిలేది ఇదే. ఫింగర్‌బోర్డు చివర స్కేలు పెట్టి కొలవండి: ఫుల్ సైజు చెల్లోకు సన్నని 'ఎ' తీగ కింద 5–6 మిల్లీమీటర్లు, మందపు 'సి' తీగ కింద 8 దరిదాపుల్లో ఉంటే మేలు. పై కొసన, బిరడాల దగ్గర, తీగకూ బోర్డుకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు దాటకూడదు. చవక చెల్లోల మీద నేరం మోపాలంటే మొదట ఇక్కడ మోపాలి. పై కొసన తీగలు ఆనే చిన్న మెట్టును గీకకుండా వదిలేయడం వల్ల మొదటి వేలు వేసినప్పుడల్లా పిల్ల తీగతో కుస్తీ పడుతుంది. బొటనవేలు బిగించి మెడను పిసుకుతుంది. వారం తిరగకుండా మణికట్టు నొప్పి. టీచరు 'చేయి వదులు చెయ్యి' అంటూనే ఉంటారు. వదులు చేస్తే స్వరం పలకదు, పాపం.

బిరడాలు ఇంకో తలనొప్పి. తిప్పితే మెత్తగా తిరిగి, వదిలిన చోట ఆగాలి. రంధ్రానికి సరిగా అమరని బిరడా ఉంటే అర గంట క్లాసులో పది నిమిషాలు శ్రుతికే సరిపోతుంది. ఆ పది నిమిషాల ఫీజు మీరే కడుతున్నారు. తోక పలక మీద నాలుగు తీగలకూ నాలుగు చిన్న మరలు ఉంటే పిల్ల తనంతట తానే శ్రుతి సరిచేసుకోగలదు. ఫింగర్‌బోర్డు ఎబొనీదై ఉండాలి. నల్లరంగు పూసిన మెత్త చెక్కైతే తీగల కింద కొన్నాళ్లకే గాడులు పడతాయి. అంచున, కనబడని చోట, తెల్లగా మెరిసిందంటే రంగే.

ఇప్పుడు లెక్క కడదాం. 300 డాలర్ల చెల్లోను మంచి దుకాణానికి తీసుకెళ్లి కొత్త బ్రిడ్జి చెక్కించి, సౌండ్ పోస్ట్ అమర్చి, బిరడాలు సరిచేయించి, విద్యార్థులు వాడే మామూలు స్టీలు తీగలు వేయిస్తే, సులువుగా ఇంకో మూడు నాలుగు వందలు అవుతుంది. అంతా అయ్యాక చేతిలో ఉన్నది ప్లైవుడ్ పెట్టే. అమ్మబోతే మొదటి 300లో సగం కూడా రాదు. కొన్ని దుకాణాలు అసలు ముట్టుకోమనే అంటాయి. అదే దుకాణం వాళ్లు తమ వర్క్‌షాపులో సెటప్ చేసి వెయ్యి, పదిహేను వందలకు అమ్మే చెక్కిన చెల్లో ఖరీదుగా కనిపిస్తుంది గానీ, అందులో ఈ పని మొత్తం కలిసే ఉంటుంది.

పెరుగుతుంది కదా అని...

పెరిగే పిల్లకు టక్కులు పెట్టి పొడుగు పరికిణీ కుట్టించినట్టు చెల్లో కూడా పెద్దది కొనేద్దామా అన్న ఆలోచన వస్తుంది. రానివ్వకండి. చెల్లోలో పావు, అర, ముప్పావు, ఫుల్ సైజులు ఉన్నాయి. ఇంకా చిన్నపిల్లలకు వీసం, అరపావు కూడా దొరుకుతాయి. స్థూలంగా ఏడేళ్ల నుంచి పదకొండు దాకా అర సైజు, ఆ తర్వాత రెండు మూడేళ్లు ముప్పావు, పదమూడు పద్నాలుగేళ్లకు ఫుల్ సైజు. వయసు ఊరికే గుర్తు కోసం. కొలిచే తీరు వేరు. పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో ముందుకు కూర్చోబెట్టాలి. పెట్టె పై అంచు రొమ్ము ఎముకకు ఆనాలి. మోకాళ్లు చెల్లో నడుము కింది మూలలను తాకాలి. మందపు తీగ బిరడా ఎడమ చెవి వెనక్కి రావాలి. అప్పుడు మొదటి వేలి నుంచి చిటికెన వేలి దాకా చేయి నొప్పి లేకుండా పరుచుకుంటే సైజు కుదిరినట్టు. చేయి సాగదీయాల్సి వస్తే ఒక సైజు తగ్గించడమే. చిన్న చెల్లో మీద ఏడాది ఎక్కువ వాయించినందువల్ల ఎవరికీ నష్టం రాలేదు.

చెల్లో విద్వాంసుడు పాబ్లో కజాల్స్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. స్పెయిన్‌లోని కాటలోనియాలో వెండ్రెల్ అనే ఊళ్లో 1876లో పుట్టాడు. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి, డబ్బున్నవాడు కాదు. కొడుకు ముచ్చటపడుతుంటే ఎండిన సొరకాయ బుర్రనే పెట్టెగా చేసి ఒక తీగ వాద్యం తయారుచేసి ఇచ్చాడు. తంబుర బుర్ర చూసిన మనకు ఇందులో వింతేమీ లేదు. అసలు ఫుల్ సైజు చెల్లో మాత్రం కజాల్స్‌కు పదమూడేళ్లు వచ్చేదాకా లేదు. 1890లో బార్సిలోనాలో తండ్రి దాన్ని కొనిపెట్టిన రోజునే, ఓడరేవు దగ్గరి ఒక పాత దుకాణంలో సంగీతపు కాగితాలు తిరగేస్తుంటే బాహ్ చెల్లో సూట్లు కంటపడ్డాయని ఆయనే చెప్పుకున్నాడు. అంతవరకూ వాటిని కచేరీలో పూర్తిగా వాయించేవాళ్లు లేరనే చెప్పాలి. ఆయన కూడా పన్నెండేళ్లు సాధన చేశాకే వేదిక మీదికి తెచ్చాడు.

సైజులు మారేకాలంలో అద్దెను మించిన దారి లేదు. అమెరికాలో ఇది బాగా పాతుకుపోయిన పద్ధతి. వయొలిన్ దుకాణాలు నెలకు ముప్పై నుంచి యాభై డాలర్ల మధ్య చెల్లో అద్దెకిస్తాయి. పిల్ల పెరిగితే పెద్ద సైజు మార్చి ఇస్తాయి. కట్టిన అద్దెలో కొంత భాగం తర్వాత కొనే వాద్యం ధరలో తగ్గించేవీ చాలా ఉన్నాయి. నెలకు 40 చొప్పున మూడేళ్లకు 1,440 డాలర్లు. 'ఆ డబ్బుతో కొనేసుకోవచ్చుగా' అని లెక్కల్లో గట్టివాళ్లు అంటారు. ఆ మూడేళ్లలో రెండు సైజులు మారతాయి, తీగలు తెగుతాయి, పిల్ల తమ్ముడు సైకిల్‌తో గుద్దుతాడు. ఒప్పందం మీద సంతకం చేసేముందు మూడు సంగతులు అడగాలి: అద్దెలో ఎంత భాగం జమ అవుతుంది, దాన్ని ఫుల్ సైజు కొనేటప్పుడు కూడా వాడుకోవచ్చా, పగుళ్లకు బీమా ఉందా. మధ్యలో జమ రద్దయ్యే నిబంధన చిన్న అక్షరాల్లో ఉంటే ఆ దుకాణం వదిలేయడమే నయం.

హైదరాబాదులో అయితే

ఇక్కడ కథ వేరు. గిటార్, కీబోర్డు అద్దెకు దొరికినంత తేలిగ్గా చెల్లో దొరకదు. అర సైజు చెల్లో అని అడిగితే దుకాణంవాళ్లు తెప్పించి ఇస్తామంటారు, వచ్చాక చూసి తీసుకోవాల్సిందే. చెన్నైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్, ముంబైలో 1865లో మొదలైన ఫుర్టాడోస్ లాంటి పాత దుకాణాల పేర్లు మనవాళ్లకు తెలిసినవే. ముంబైలో 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, చెన్నైలో 2008లో ఏ.ఆర్.రెహమాన్ కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ వచ్చాక దక్షిణాదిలోనూ చెల్లో నేర్చుకోవాలనే పిల్లలు కనిపిస్తున్నారు. సినిమా పాటల్లో, నేపథ్య సంగీతంలో ఆ లోతు గొంతును మనం ఎన్నేళ్లుగానో వింటున్నాం. పేరే చాలామందికి తెలియదు.

అందుకే ఇక్కడ వరస మార్చాలి: ముందు టీచరు, తర్వాత వాద్యం. వారానికోసారి నేర్పే మనిషి దొరక్కుండా చెల్లో కొనడం అంటే హాల్లో మూలకు ఒక అలంకారం కొనడమే. టీచరు దొరికితే, ఆయన దగ్గర సైజు మారిన పిల్లల చెల్లోలు కూడా దొరుకుతాయి. చిన్న సైజులు ఇలా చేతులు మారుతూ తిరుగుతుంటాయి. వాటికి సెటప్ అప్పటికే అయి ఉంటుంది. ఒక్క మాట మాత్రం మొహమాటం లేకుండా అడగాలి: 'సార్, ఈ దుకాణం నుంచి మీకేమైనా కమిషన్ ఉందా?' తీసుకునేవాళ్లూ ఉన్నారు. తీసుకుంటే తప్పని అనను. మనకు తెలిసి ఉండాలి అంతే.

కర్ణాటక వయొలిన్లు బాగుచేసే పనివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఊడిన అతుకు అతికించడం, బిరడా సరిచేయడం వారికి వచ్చు. చెల్లో బ్రిడ్జి చెక్కడం మాత్రం ఆ కొలతలు తెలిసినవాళ్లతోనే చేయించాలి. తీగలైతే అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో రెండు సెట్లు తెప్పించుకుని దాచుకోవడమే అందరూ చేస్తున్న పని. చెల్లోనే తెప్పించుకోవాలని చూడకండి. విమానంలో అది సామానులో వేస్తే భయం, సీటు కొంటే ఖర్చు. పెద్ద కళాకారులు దానికి విడిగా టికెట్టు కొనేది సరదాకు కాదు.

వాన, ఎండ విషయంలో మన దేశపు చెల్లో కష్టాలు వేరు, అక్కడివి వేరు. చికాగో చలికాలంలో హీటర్ల వల్ల ఇంట్లో గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది, పలక చీలుతుంది. పెట్టెలో తేమనిచ్చే గొట్టం పెట్టుకోవాలి. విశాఖలో, కాకినాడలో తేమకు చెక్క ఉబ్బి తీగల ఎత్తు మారుతుంది, బిరడాలు కదలమంటాయి, తీగలు తుప్పు పడతాయి. హైదరాబాదు ఏప్రిల్‌లో ఆపిన కారులో వదిలితే వార్నిషు మెత్తబడి సంచీ గుడ్డ అచ్చు పడుతుంది. అంచున అతుకు విడిందని కంగారుపడకండి. జంతు చర్మం నుంచి తీసిన ఆ జిగురును కావాలనే కాస్త బలహీనంగా వాడతారు. చెక్క లాగినప్పుడు పలక చీలకుండా అతుకు ఊడాలని. మళ్లీ అతికిస్తే సరి. పలక మీద సౌండ్ పోస్ట్ నిలబడిన చోట చీలిక ఉంటే మాత్రం ఆ చెల్లో ఎంత చవకగా వచ్చినా నమస్కారం పెట్టి వచ్చేయండి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడుతుంది, వెంటనే సౌండ్ పోస్టూ పడిపోవచ్చు.

లోపలి చీటీ, బయటి కమాను

పాత చెల్లో కొనేవాళ్లు ఎఫ్ రంధ్రంలోంచి చూసి ఉలిక్కిపడే సందర్భం ఒకటుంది. లోపల చీటీ మీద 'ఆంటోనియస్ స్ట్రాడివారియస్' అని లాటిన్‌లో పేరు, క్రెమోనా అని ఊరు, పదిహేడు వందల ఏదో సంవత్సరం. తాతగారు అటక మీద నిధి పెట్టి పోయారనుకుంటారు. ఆ నమూనాలో చేసిన వాద్యాలన్నింటికీ జర్మనీ, ఫ్రాన్స్ ఫ్యాక్టరీలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ అదే చీటీ లక్షల్లో అంటించాయి. అసలు స్ట్రాడివరి చెల్లోలు ప్రపంచంలో మిగిలినవి అరవై పైచిలుకు. వాటి అడ్రసులన్నీ నిపుణులకు తెలుసు. చీటీ చదవకండి, మెడ అతుకు చూడండి.

కమాను గురించి ఎవరూ పట్టించుకోరు, పెట్టెతోపాటు వచ్చింది కదా అని. చెల్లో బాగుండి కమాను చెడిపోయిందంటే గొంతు బయటికి రాదు. ఉచితంగా వచ్చే కమాన్లలో కర్ర వంకరైనవి, వెంట్రుక ఊడేవి ఎక్కువ. వెనక నుంచి తుపాకీ గురి చూసినట్టు చూస్తే వంకర తెలుస్తుంది. నూరు, నూటయాభై డాలర్ల కార్బన్ ఫైబర్ కమాను విద్యార్థికి పుష్కలం, వాతావరణానికి బెదరదు. పెద్ద కళాకారులు వాడే పెర్నాంబుకో చెక్క బ్రెజిల్‌లో తరిగిపోయి 2007 నుంచి అంతర్జాతీయ ఆంక్షల కిందికి వచ్చింది. దాని గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు. వాయించడం అయ్యాక వెంట్రుక వదులు చేయడం మాత్రం మొదటిరోజే అలవాటు చేయాలి.

కొనే రోజు పిల్లనూ టీచరునూ వెంట తీసుకెళ్లండి. టీచరు వాయిస్తుంటే పిల్ల గది అవతలి కొసన నిలబడి వినాలి. తర్వాత పిల్ల వాయించాలి. ప్రతి తీగా విడిగా, తర్వాత మెల్లగా కింది నుంచి పైకి. 'ఇ', 'ఎఫ్' స్వరాల దగ్గర ఎక్కడో గొంతు వణికి గుర్రుమంటే దుకాణదారు మీద పడకండి. దాన్ని వుల్ఫ్ అంటారు, లక్షల చెల్లోల్లోనూ ఉంటుంది. బ్రిడ్జి కింద తీగకు చిన్న ఇత్తడి గొట్టం బిగిస్తే చాలావరకు అణుగుతుంది. అన్నింటికన్నా ముందు, ఒక వారం ఇంటికి తీసుకెళ్లి చూడనిస్తారా అని అడగండి. మంచి దుకాణాలు ఒప్పుకుంటాయి. నేలమీద జారకుండా కింది ములుకుకు పట్టా, అపార్ట్‌మెంట్ అయితే రాత్రిపూటకు రబ్బరు మ్యూటూ కొనడం మరవకండి. ఆ లోతు గొంతు గోడల్లోంచి దిగుతుంది, కింది ఫ్లాటువాళ్లు మంచివాళ్లే గానీ.

ఇక అమ్మమ్మ అడిగే ప్రశ్న: 'దీని మీద త్యాగరాజ కీర్తన పలుకుతుందా?' వి.ఎస్.నరసింహన్ నెలకొల్పిన మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ రెండు వయొలిన్లు, వయోలా, చెల్లోతో త్యాగరాజ కృతులే వాయిస్తుంది. డచ్ కళాకారిణి సాస్కియా రావ్-ద హాస్ హిందుస్తానీ కోసం అదనపు తీగలతో, నేలమీద కూర్చుని వాయించేలా ఒక చెల్లోనే చేయించుకున్నారు. నేర్చుకునే పిల్లకు అంత అవసరం లేదు. చెల్లో తీగలు కింది నుంచి సి, జి, డి, ఎ. పై రెండింటినీ ఒక్కో స్వరం దించి సి, జి చేస్తే, మన వయొలిన్ మీద ఉండే స–ప–స–ప కుదిరిపోతుంది. పైసా ఖర్చు లేదు. అమ్మమ్మ ముచ్చట తీరాక, వారం క్లాసుకు వెళ్లేలోపు మళ్లీ పైకి బిగించాలి. మరిచిపోతే మొదటి కమాను లాగేసరికే టీచరుకు తెలిసిపోతుంది.